అల్లుడి కారు, మామ పెట్రోలు

(కడప. మామూలు పెట్రోలు 91 ఆక్టేన్ ఉన్న రోజులు. ఇంటి ముందు అల్లుడి టర్బో కారు బానెట్ ఎత్తి ఉంది. ఓబులేసు లోపలికి తొంగి చూస్తున్నాడు. లక్ష్మమ్మ చేతిలో గువ్వలచెరువు పాలకోవా పొట్లం.)

లక్ష్మమ్మ: ఏమయ్యా, చూస్తానే ఉన్నావు. దొరికిందా రోగం?

ఓబులేసు: ఘాట్ ఎక్కేటప్పుడు శబ్దం వచ్చింది కదా, యాడనో బోల్టు వదులైంది.

లక్ష్మమ్మ: డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు టకటకలాడింది. యాక్సిలరేటర్ తొక్కితే వచ్చింది, వదిలితే పోయింది. వదులైన బోల్టుకు అంత మర్యాద ఉంటుందా? పెట్రోల్ మూత తీసి లోపలి స్టిక్కర్ చదువు.

ఓబులేసు: కళ్లజోడు లేదే.

లక్ష్మమ్మ: నాది పెట్టుకో.

ఓబులేసు: ఆర్‌ఓఎన్... 95. కనీసం అంట.

లక్ష్మమ్మ: అది పెట్రోలు ఆక్టేన్ అంకె. నువ్వు పోయించింది?

ఓబులేసు: మామూలుదే, 91. కొత్త కారుకు బలం మందు ఎందుకే? ముసలిదానికి కావాలి గానీ. అందుకే మన పాత కారుకు బెంగళూరులో 100 ఆక్టేన్ కొట్టించినా.

లక్ష్మమ్మ: ఏమీ! లీటరుకు అంత ఎక్కువ పెట్టా? టోల్ రసీదులన్నీ చూపించినావు, అది చూపించలేదే!

ఓబులేసు: ...ఫుల్ ట్యాంక్ కాదులే.

లక్ష్మమ్మ: ఆక్టేన్ అంటే బలం కాదయ్యా, ఓర్పు. సిలిండర్‌లో ఎంత నొక్కినా, ఎంత వేడెక్కినా, స్పార్క్ మంట తన దాకా వచ్చేలోపల తనంతట తాను భగ్గుమనకుండా ఆగడం. టర్బో గాలిని ఇంకా కుక్కుతుంది, కాబట్టి దానికి ఓర్పు ఎక్కువున్న పెట్రోలు కావాలి. లేకుంటే ముందే భగ్గుమని టకటకలాడుతుంది, దాన్నే నాక్ అంటారు. మన పాతదాన్ని 91కే చేసినారు. 100 పోసినా ఒరిగేదేమీ లేదు.

ఓబులేసు: ఎందుకు లేదు? మదనపల్లె దాటినాక సర్రున పోయింది!

లక్ష్మమ్మ: బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, కడప 140. దిగుడులో ఎద్దులబండి కూడా సర్రుమంటుంది.

ఓబులేసు: మన పెద్దోడు అమెరికాలో 87 కొట్టిస్తాడు. వాని కారుకేమైంది?

లక్ష్మమ్మ: వాళ్ల లెక్క వేరు. రెండు పరీక్షల అంకెలు కలిపి సగం చేస్తారు. అక్కడి 87 దాదాపు మన 91.

ఓబులేసు: ఇవన్నీ నీకెవరు చెప్పినారు?

లక్ష్మమ్మ: పెద్దోడే. నువ్వు "తిన్నావా" అని అడిగి ఫోన్ నా చేతికిస్తావు. తర్వాత వాడు మాట్లాడేదంతా నాతోనే.

ఓబులేసు: సరే, అల్లుడు రేపొస్తాడు. ఇంజన్ పోయినట్టేనా? నాకు టెన్షన్ పట్టుకుంది.

లక్ష్మమ్మ: ఒకసారికి పోదు. నాక్ సెన్సర్ ఆ శబ్దం పసిగట్టి స్పార్క్‌ను కొంచెం ఆలస్యం చేస్తుంది. పికప్, మైలేజీ తగ్గుతాయి. నువ్వు ఘాట్‌లో నాలుగో గేరులోనే ఈడ్చినావు చూడు, అది ఇంకా చేటు. ఇది అయిపోయేదాకా మెల్లగా నడుపు.

ఓబులేసు: (హఠాత్తుగా) లక్ష్మమ్మా! పాత కారులో 100 ఉంది. దీంట్లో 91. సగం సగం కలిపితే?

లక్ష్మమ్మ: (వేళ్లు లెక్కపెట్టి) ...95 దగ్గరికి వస్తుంది.

ఓబులేసు: చూసినావా! పైపు తే, నోటితో పీల్చి తీస్తా.

లక్ష్మమ్మ: పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే నిన్ను రిమ్స్‌కు ఏ కారులో ఎత్తుకుపోవాలి?

ఓబులేసు: పాతదాంట్లో. సర్రున పోతుంది.