నాలుగు పొగగొట్టాల అందం

యుద్ధనౌకల భక్తులకి ఒక అలవాటు. బ్రిటిష్ ఆర్మర్డ్ క్రూజర్ (కవచం తొడిగిన పాతకాలపు యుద్ధనౌక) ఊసెత్తితే చాలు, పొగగొట్టాలు నాలుగు, బరువు 12,000 టన్నులు, నడుము చుట్టూ 6 అంగుళాల ఉక్కు కవచం అంటూ పెళ్ళికూతురి నగలు లెక్కపెట్టినట్టు మురిసిపోతారు. ఆఖర్న ముక్తసరిగా, '1914లో మునిగింది' అంటారు. ఆ ఆఖరి ముక్క దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది.

ముందుగా ఈ జాతి గొప్పతనం చెప్పుకోవాలి. పెద్ద ఓడ ఎదురైతే పోరాడలేదు, వేగమున్న ఓడ ఎదురైతే పారిపోలేదు. ఇన్విన్సిబుల్ తరగతి బ్యాటిల్ క్రూజర్లు 12 అంగుళాల ఫిరంగులు ఎనిమిదేసి మోసుకుంటూ 25 నాట్ల (నాట్ అంటే గంటకి ఒక సముద్రపు మైలు) వేగంతో 1908లో రంగంలోకి దిగి వీటన్నిటినీ పాతసామాను చేసేశాయి. దొరలు చలించలేదు. 1909లో 'డిఫెన్స్' అనే కొత్త ఆర్మర్డ్ క్రూజర్‌ని నిక్షేపంగా నౌకాదళంలో చేర్చుకున్నారు.

ఇక మొదటి ప్రపంచయుద్ధం, 1914 సెప్టెంబరు 22 ఉదయం. హాలండ్ తీరానికి ఆవల అబూకిర్, హోగ్, క్రెస్సీ అనే ముగ్గురు దొరసానులు (ఈ జాతి ఓడలే) షికారు చేస్తున్నారు. వేగం 10 నాట్లు. వంకరటింకరగా తిరిగి శత్రువు గురి తప్పించడం వారి హోదాకి తక్కువ. తోడుండాల్సిన డిస్ట్రాయర్లు అనే చిన్న కాపలా ఓడలు వాతావరణం బాగోలేదని రేవుకి పోయాయి. ఈ దళానికి నౌకాదళంలోనే పెట్టిన ముద్దుపేరు 'సజీవ ఎర'. చేప రానే వచ్చింది. యూ-9 అనే జర్మన్ జలాంతర్గామి, 500 టన్నులు కూడా తూగదు, కిరోసిన్ ఇంజన్లు.

6.20కి అబూకిర్‌కి టార్పెడో తగిలింది. కెప్టెన్ గారు అది మందుపాతరే అనుకుని, మిగతా ఇద్దరినీ దగ్గరికి రమ్మన్నారు. హోగ్ వచ్చింది, ఆగింది, పడవలు దింపింది, రెండు టార్పెడోలు తిన్నది. క్రెస్సీ ఇదంతా కళ్ళారా చూసింది. చూసి? తనూ ఆగింది, తనూ పడవలు దింపింది. ఎనిమిది కొట్టేసరికి ముగ్గురూ నీళ్ళ పాలు.

ఒక 15 ఏళ్ళ మిడ్‌షిప్‌మన్ (శిక్షణలో ఉన్న కుర్ర అధికారి) అబూకిర్ మునుగుతుంటే హోగ్ వైపు ఈదాడు. అదీ మునిగితే క్రెస్సీకి ఈదాడు. అదీ పోయింది. చివరికి ఒక చెక్కముక్క పట్టుకుని బతికాడు. ఆ ఉదయం అక్కడ ఆ కుర్రాణ్ణి నిలబెట్టింది ఆ చెక్కముక్క ఒక్కటే, దానికి కవచం లేదు మరి.

ఈ కథ చెప్పి జనం నవ్వుతారు. నాకు నవ్వు రాదు. పదిహేనేళ్ళ పిల్లాడికి అక్కడేం పని? యుద్ధం మొదలవగానే డార్ట్‌మత్ నౌకాదళ కాలేజీ పిల్లల్ని తీసుకొచ్చి ఈ డొక్కు ఓడలెక్కించారు. తోడుగా రిజర్వు నుంచి పిలిపించిన నడివయసు సంసారులు. 1,459 మంది చచ్చిపోయారు. ఈ పహరా ఆపేయాలని నౌకాదళ మంత్రి చర్చిల్ సెప్టెంబరు 18నే రాశాడు! అంటే తెలుసు. తెలిసే తిప్పారు. దెబ్బ తిన్నాక నేర్చిన పాఠమేమిటయ్యా అంటే, ఇకపై మునిగేవాళ్ళ కోసం పెద్ద ఓడలు ఆగకూడదని ఆజ్ఞ.

నవంబరు 1న చిలీ తీరంలో, కరోనెల్ దగ్గర జర్మన్లతో పోరులో ఇదే జాతి ఓడలు గుడ్ హోప్, మాన్‌మత్ మునిగాయి. రెంటిలోనూ ఒక్కడు మిగల్లేదు. 1915లో ఆర్గైల్ అనే మరో ఆర్మర్డ్ క్రూజర్ లైట్‌హౌస్ దీపం వెలిగించమని కబురు పెట్టింది. లైట్‌హౌస్‌లో వైర్‌లెస్ లేదు. ఓడ సరిగ్గా ఆ లైట్‌హౌస్ ఉన్న బండే ఎక్కింది. (అందరూ బతికారు కాబట్టి దీనికి నవ్వొచ్చు.) డిఫెన్స్ 1916లో జట్లాండ్ నౌకాయుద్ధంలో మొత్తం సిబ్బందితో పేలిపోయింది.

మనకీ ఒక బాకీ ఉంది. క్రెస్సీ మునిగిన రోజు రాత్రే జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. దాన్ని పట్టమని బంగాళాఖాతంలో తిప్పుతున్న ఓడల్లో హ్యాంప్‌షైర్ అనే ఆర్మర్డ్ క్రూజరూ ఉంది. పట్టలేదు. ఆస్ట్రేలియా వాళ్ళ సిడ్నీ అనే ఓడ నవంబరులో ఆ పని చేసింది. హ్యాంప్‌షైర్ 1916 జూన్ 5న స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల దగ్గర మందుపాతర తగిలి, ఒకప్పుడు మన దేశంలో సర్వసేనానిగా వెలగబెట్టిన కిచెనర్‌తో సహా మునిగింది. 700 మందికి పైగా పోయారు. అక్కడి మార్విక్ హెడ్ కొండకొమ్మున 1926లో గోపురం కట్టారు, కిచెనర్ పేరున. మిగతావాళ్ళందరి పేర్లూ చెక్కిన గోడ దాని పక్కన లేవడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది.