ఫారిన్ షెడ్యూల్ గారికి ఒక జ్వరపీడితుడి విన్నపం

మహారాజశ్రీ ఫారిన్ షెడ్యూల్ గారి సముఖానికి,

విదేశంలో పాట షూటింగనే తమరికి, కృష్ణానగర్ కాస్ట్యూమ్ అసిస్టెంట్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని పద్ధతి కొద్దీ రాశాను గానీ, ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే.

సినిమాకి 24 క్రాఫ్టులు కావాలని ఇన్నాళ్లూ భ్రమపడ్డాం. తమరు వీసాల ఖర్చూ టికెట్ల ఖర్చూ చూపించగానే డజను మందితో కూడా సినిమా తీసేయొచ్చని తేలిపోయింది. స్విట్జర్లాండ్‌లో దిగేసరికి బట్టలు ఇస్త్రీ చేసేదీ నేనే, రిఫ్లెక్టర్ పట్టేదీ నేనే, గొడుగూ నేనే, పాట వాయించే స్పీకర్ మోసేదీ నేనే. అలాంటప్పుడు నాకు జ్వరమొస్తే నాలుగు డిపార్ట్‌మెంట్లు మంచం పట్టినట్టే కదా. "ఇంత బాధ్యత ఉన్నవాడివి, జ్వరం తెచ్చుకోవడానికి సిగ్గుండాలి తమ్ముడూ" అన్నారు మేనేజర్ గారు. సిగ్గుపడ్డాను. ఒళ్లు ఎర్రబడింది గానీ అది సిగ్గువల్లో జ్వరంవల్లో తేలలేదు.

మేం దిగిన ఇంటర్‌లాకెన్ ఊరి ఎత్తు హైదరాబాద్ ఎత్తే, అయిదొందల చిల్లర మీటర్లు. అక్కడున్నంతసేపూ బాగానే ఉన్నాం. మర్నాడు పొద్దున్నే పల్లవి కోసమని తమరు మమ్మల్ని రెండు గంటల్లో మంచుకొండల మీది యుంగ్‌ఫ్రావ్‌యోక్ ఎక్కించారు. అది 3,454 మీటర్లు. సముద్రమట్టం దగ్గర దొరికే ఆక్సిజన్‌లో మూడింట రెండొంతులే అక్కడ దొరుకుతుంది. 2,500 మీటర్లు దాటితే ఒంటికి నెమ్మదిగా అలవాటు చేయాలంటారు డాక్టర్లు. నెమ్మది అన్న మాటకి తమరి దగ్గర డేట్లు లేవు. ఆ ఎత్తులో వచ్చే జబ్బు లక్షణాలు లోకల్ డ్రైవర్ చెప్పాడు: తలపోటు, ఆకలి చచ్చిపోవడం, కళ్లు తిరగడం, నీరసం, నిద్ర పట్టకపోవడం. మా కో-డైరెక్టర్ శ్రద్ధగా విని, "ఇవన్నీ నాకు ఇండస్ట్రీకొచ్చినప్పట్నుంచీ ఉన్నాయి. పదండి, షాట్ రెడీ" అన్నారు.

ఆ జబ్బుకి మొదటి వైద్యం కిందికి దిగిపోవడమేనట. కానీ హీరోయిన్ గారి కొంగు ఎగరడానికి సరిపడా గాలి ఆ పైనే ఉంది. పాపం ఆవిడ కష్టం వేరు. షిఫాన్ చీర లోపల ఒంటిరంగు థర్మల్స్, గుప్పిట్లో హీట్ ప్యాకులు. "యాక్షన్" అంటే శాలువా లాగేయాలి, "కట్" అంటే కప్పేయాలి. లాగడం, కప్పడం నా డ్యూటీ. వణకడం మాత్రం ఇద్దరిదీ. కింద ఇంటర్‌లాకెన్‌లో 2016లో హిందీ దర్శకుడు యష్ చోప్రా గారికి విగ్రహం పెట్టారు. ఆ చుట్టుపక్కల చలికి వణకని సినిమా మనిషి ఆయనొక్కరే.

కొండమీద ప్రాణం మీదికొస్తే 1414కి ఫోన్ చేయండి, హెలికాప్టర్ వస్తుంది అని కూడా చెప్పాడా డ్రైవర్. మేనేజర్ గారి మొహం వెలిగిపోయింది. నా నుదుటి మీదున్న చెయ్యి తీసేసి కెమెరామన్ వైపు తిరిగారు. "సార్, ఏరియల్ షాట్లు ఏమైనా పెండింగున్నాయా?"

సాయంత్రం దిగాక తలపోటు తగ్గింది, జ్వరం తగ్గలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఇన్సూరెన్సు. స్విట్జర్లాండ్ వెళ్లడానికి షెంజెన్ వీసా కావాలంటే మనిషికి కనీసం 30,000 యూరోల వైద్యబీమా ఉండాలి. మా ఇంట్లోవాళ్లు కూడా నాకు ఎన్నడూ కట్టని వెల అది. కానీ ఆ కాగితం వీసా వాళ్లకి చూపించడానికట, డాక్టరుకి చూపించడానికి కాదట. కాగితం హైదరాబాద్ ఆఫీసు బీరువాలో, తాళం అకౌంటెంట్ దగ్గర, అకౌంటెంట్ తిరుమల క్యూలో. సరే, మందులషాపుకి వెళ్లి యాంటీబయాటిక్ ఇమ్మంటే డాక్టరు చీటీ ఏదన్నారు. అమీర్‌పేటలో అయితే మన దగ్గు వినే స్ట్రిప్ కోసి ఇస్తారు! చివరికి పారాసెటమాల్ కొనుక్కుని, రైస్ కుక్కర్‌లో జావ కాచుకుని, ఆవకాయ వైపు చూస్తూ తాగాను.

తర్వాత రెండో చరణం దగ్గర హీరో గారు తుమ్మారు. ఒక్కసారే. ప్యాకప్. మిరియాల కషాయం, ఆవిరి, హోటల్‌కే డాక్టరు, అభిమానులు ఆందోళన చెందవద్దంటూ ప్రకటన. ఆయన జ్వరం వార్త, నా జ్వరం వాయిదా. నాకైతే ఆ తుమ్ము మీద గొప్ప గౌరవం. దానివల్ల నాకూ ఒక పూట మంచం దొరికింది.

ఇక అసలు విన్నపం. తమరి బడ్జెట్‌లో గుర్రాలకి పద్దుంది, పొగకి పద్దుంది, యూనిట్ జబ్బులకి మాత్రం లేదట. అందుకని నా మాత్రల బిల్లుని మేనేజర్ గారు ప్రాపర్టీస్ (షూటింగ్‌లో వాడే సామాన్లు) కింద రాశారు. ప్రాపర్టీ ఏదైనా సరే, షెడ్యూల్ అయ్యాక లెక్క చూసి స్టోర్‌లో అప్పజెప్పాలని రూలు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. నేను మింగేశానని తమరే వాళ్లకి ఒక ముక్క రాసి ఇప్పించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
కాస్ట్యూమ్ అసిస్టెంట్ (గొడుగు, రిఫ్లెక్టర్, స్పీకర్ అదనం)