కావలెను: తీసేయించుకోవడానికి ఒక మేనేజర్

వరసగా మూడు మ్యాచ్‌లు ఓడితే చాలు, ఏ ఫుట్‌బాల్ క్లబ్బుకైనా ఒకటే ప్రశ్న ఎదురవుతుంది. మేనేజర్‌ను, అంటే జట్టును ఆడించే కోచ్‌ను, ఉంచాలా, తీసేయాలా? ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకు నిండుగా ఉంది. ఇరవయ్యేళ్లుగా సోఫాలో కూర్చుని మేనేజర్లను తీసేస్తున్నాను. కొందరినైతే ఒకే మ్యాచ్‌లో రెండుసార్లు తీసేశాను. ఇరవయ్యో నిమిషంలో ఇంటికి పంపించి, అరవయ్యో నిమిషంలో మనవాళ్లు గోల్ కొట్టగానే క్షమించి వెనక్కి పిలిచి, ఎనభై ఎనిమిదో నిమిషంలో మళ్లీ గెంటేసిన సందర్భాలున్నాయి. ఇంత అనుభవజ్ఞుణ్ని ఏ క్లబ్బూ ఇంతవరకు సలహా అడగలేదు. అది వాళ్ల ఖర్మ.

ముందు ఒక మౌలికమైన సంగతి. క్లబ్బులో ఏదో ఒకటి మార్చాలని అందరికీ తోస్తుంది. ఏది మార్చాలి? ఆటగాళ్లు పాతిక మంది. అందరికీ నాలుగేళ్ల కాంట్రాక్టులు, కొనడానికీ అమ్మడానికీ ఏడాదికి రెండే వేళలు. యజమానిని మార్చాలంటే ముందు క్లబ్బును కొనాలి. అభిమానులను మార్చడం అసలే కుదరదు. మనం పుట్టి పెరిగి మొండికేసి కూర్చున్నవాళ్లం. మిగిలింది టచ్‌లైన్, అంటే మైదానం అంచు గీత, పక్కన కోటు వేసుకుని నిలబడ్డ ఒకే ఒక్క మనిషి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. పైగా ఈ దుత్తకు నష్టపరిహారం కూడా ఇస్తారు.

తీసేయడానికి ఒక పద్ధతి ఉంది. మొదట క్లబ్బు ఒక ప్రకటన ఇస్తుంది: "మా మేనేజర్ మీద బోర్డుకు పూర్తి విశ్వాసం ఉంది." ఫుట్‌బాల్ భాషలో ఇంతకంటే భయంకరమైన వాక్యం ఇంకోటి లేదు. గమనించారో లేదో, బాగా ఆడుతున్న జట్టు మేనేజర్ మీద ఎవరూ విశ్వాసం ప్రకటించరు. భార్యాభర్తలు హఠాత్తుగా "మా మధ్య ఏ గొడవా లేదు" అని నలుగురినీ పిలిచి చెబితే మనకేం అర్థమవుతుంది? ఈ ప్రకటన వచ్చాక ఆ మేనేజర్ కొత్త ఇల్లు కొనడు, పిల్లల బడి మార్చడు, ఆఫీసు గోడకు మేకు కూడా కొట్టడు.

రెండో దశలో "డ్రెస్సింగ్ రూమ్ చెయ్యి జారింది" అంటారు. అంటే ఆటగాళ్లు అతని మాట వినడం లేదని అర్థం. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత డ్రెస్సింగ్ రూమ్‌లో పుట్టిందని నాకు గట్టి అనుమానం. మూడు గజాల పాసు ముగ్గురు మనుషులను దాటించి లైను అవతలికి తన్నినవాడు కూడా మ్యాచ్ అయ్యాక మైకు ముందు నిలబడి, "మేం మేనేజర్ వెంటే ఉన్నాం" అంటాడు. నిజమే, వెంటే ఉంటారు. గేటు దాకా.

ఇక, ఓడినందుకే తీసేస్తారన్నది అమాయకుల భ్రమ. జుప్ హైంకెస్ 1998లో రియల్ మాడ్రిడ్‌కు 32 ఏళ్ల తర్వాత యూరప్ కప్పు, అంటే చాంపియన్స్ లీగ్, తెచ్చిపెట్టాడు, పంపించేశారు. విసెంటె దెల్ బోస్కె అదే క్లబ్బుకు రెండు చాంపియన్స్ లీగ్‌లు గెలిచి ఇచ్చాడు. 2003లో స్పెయిన్ లీగ్ గెలిచిన మర్నాడే కాంట్రాక్టు పొడిగించేది లేదన్నారు. ఆయన ఊరికే ఉండలేక 2010లో స్పెయిన్‌కు ప్రపంచకప్పు గెలిపించాడు. చెల్సీలో రొబెర్టో ది మటేయో 2012 మేలో చాంపియన్స్ లీగ్ ఎత్తాడు, నవంబరుకు లేడు. లెస్టర్ సిటీ లీగ్ గెలుస్తుందని పందెం కాస్తే ఒకటికి అయిదు వేలు ఇస్తామన్నారు; క్లాడియో రనియేరి 2016లో ఆ లీగ్ గెలిచి చూపించాడు. తొమ్మిది నెలల్లో ఉద్యోగం పోయింది. 2025లో టాటెన్‌హామ్‌కు 17 ఏళ్ల కరువు తీర్చి యూరప్‌లో రెండో అంచె కప్పయిన యూరోపా లీగ్ తెచ్చిన ఆంజ్ పోస్టెకోగ్లూకు పదహారు రోజులు ఆగి వీడ్కోలు చెప్పారు. అదే ఏడాది నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఆయన్ను పిలిచి 39 రోజులకే పంపేసింది. చివరి రోజు చెల్సీ చేతిలో మూడు గోల్స్‌తో ఓడాడు. ఆటగాళ్లు స్నానాలు ముగించే లోపే ప్రకటన వచ్చేసింది.

కాబట్టి మేనేజర్లకు నా ఉచిత సలహా: గెలవకండి, ఓడకండి. అలా మధ్యలో ఎక్కడో కనిపించీ కనిపించకుండా ఉండండి. ఫ్రాన్స్‌లో ఒసేర్ క్లబ్బుకు గీ రూ 1961లో వచ్చి 2005లో దిగాడు. ఆయన ఫ్రెంచ్ లీగ్ గెలిచింది ఒక్కసారి, 1996లో. అక్కడికి చేరడానికే ముప్ఫై అయిదేళ్లు తీసుకున్నాడు. ఇప్పటి బోర్డులు ముప్ఫై అయిదు రోజులిస్తే గొప్ప. 2007లో ఇంగ్లండ్‌లో టార్కీ యునైటెడ్ అనే చిన్న క్లబ్బు లిరోయ్ రొసీనియర్‌ను మేనేజర్‌గా పరిచయం చేసిన పది నిమిషాలకు యజమానులు మారిపోయారు, కొత్తవాళ్లకు ఆయన అక్కర్లేదు. ఆ పది నిమిషాల్లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని రికార్డు మాత్రం ఆయనదే, దాన్నెవరూ లాక్కోలేరు.

ఇక ఉంచాలా, పంపాలా అన్న చర్చ అత్యున్నత స్థాయికి చేరిన రోజు 2017 మార్చి 18. స్థాయి అంటే ఎత్తు అనే అర్థంలో అంటున్నాను. ఆర్సెనల్ జట్టు వెస్ట్ బ్రామ్ మైదానంలో ఆడుతుండగా పైన ఒక చిన్న విమానం "ఆర్సీన్ వెంగర్‌కు కొత్త కాంట్రాక్టు వద్దు" అన్న బ్యానర్ లాక్కుంటూ వెళ్లింది. కాసేపటికి ఇంకో విమానం, "మాకు ఆర్సీన్ మీద నమ్మకముంది" అంటూ. చందాలు వేసుకుని, విమానాలు అద్దెకు తీసుకుని, ఆకాశంలో వాదించుకున్నారు. కింద ఆర్సెనల్ 3-1తో ఓడింది. ఇరవై రెండు మంది ఆటగాళ్లలో ఎందరు తలెత్తి చూశారో లెక్క లేదుగానీ, ఆర్సెనల్ డిఫెండర్లు మాత్రం ఆ పనిలోనే ఉన్నట్టు ఆడారు. ఆ రోజుల్లో "వెంగర్ అవుట్" అట్టలు ఫుట్‌బాల్ మైదానాలు దాటిపోయాయి. కుస్తీ పోటీల్లో కనిపించాయి. జింబాబ్వేలో ముగాబే దిగిపోవాలని జనం వీధుల్లోకి వస్తే అక్కడా ఒకటి తేలింది. ముగాబే నవంబరులోనే దిగిపోయాడు. వెంగర్ మరో ఆరు నెలలు ఆగాడు. ఇరవై రెండేళ్ల కొలువు మరి.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. "ఓపిక పట్టండి, ఫెర్గుసన్‌ను చూడండి" అనే వర్గం ఒకటుంది. ప్రతి చర్చలోనూ ఎవరో ఒకరు ఈ మాట అంటారు, మిగతావాళ్లు తలలు దించుకుంటారు. అలెక్స్ ఫెర్గుసన్ 1986 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చాడు. మూడేళ్లు గడిచినా ఒక్క కప్పూ లేదు. "మూడేళ్లుగా సాకులే, ఇక సెలవు" అనే అర్థం వచ్చే బ్యానర్ ఒకటి స్టాండ్స్‌లో లేచింది. 1990 జనవరి 7న ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్పులో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో మ్యాచ్. ఓడితే పని అయిపోయినట్టేనని పత్రికలన్నీ ముందే రాసి పెట్టుకున్నాయి. మార్క్ రాబిన్స్ అనే కుర్రాడు తలతో ఒక గోల్ కొట్టాడు, 1-0. ఆ మేలో అదే కప్పు గెలిచారు. ఫెర్గుసన్ 2013 దాకా ఉండి 38 ట్రోఫీలు పోగేశాడు. ఆ రోజు ఓడినా తీసేసేవాళ్లం కాదని బోర్డువారు తర్వాత చెప్పారు. నమ్ముదాం. 38 ట్రోఫీలు చూశాక ఎవరైనా అదే చెబుతారు.

ఓపిక వర్గం కథను ఇక్కడ ఆపేస్తుంది. నేను ఆపను, ఎందుకంటే ఆ గోల్ కొట్టిన కుర్రాడు పెద్దవాడై మేనేజర్ అయ్యాడు.

రాబిన్స్ 2017లో కొవెంట్రీ సిటీ పగ్గాలు పట్టేటప్పటికి ఆ క్లబ్బు నాలుగో అంచెలోకి జారిపోతోంది. ఆయన దాన్ని పట్టుకుని పైకి లాగాడు. 2018లో ఒక మెట్టు, 2020లో ఇంకో మెట్టు. 2024 ఏప్రిల్ 21న ఎఫ్‌ఏ కప్పు సెమీఫైనల్, వెంబ్లీలో. ఎదురుగా ఎవరు? మాంచెస్టర్ యునైటెడ్. వాళ్ల మేనేజర్ ఎరిక్ టెన్ హాగ్, ఉంచాలా పంపాలా అని అప్పటికే ప్రపంచమంతా తలపట్టుకున్న మనిషి. యునైటెడ్ మూడు గోల్స్ కొట్టి కాళ్లు చాపుకుంది. డెబ్బయ్యో నిమిషం దాటాక కొవెంట్రీ ఒకటి కొట్టింది, ఇంకోటి కొట్టింది, తొంభై నిమిషాలు అయ్యాక రిఫరీ కలిపిన కొద్ది నిమిషాల్లో పెనాల్టీతో మూడోది. సమం కావడంతో ఆడించిన ఎక్స్‌ట్రా టైమ్ ఆఖరు క్షణంలో నాలుగోది కూడా లోపలికి వెళ్లింది. కొవెంట్రీ మనుషులు మైదానం అంతా పరిగెత్తారు. అప్పుడు వీడియో రిఫరీ గీతలు గీశాడు. ఒక ఆటగాడి బూటు కొన, అంటే బొటనవేలు ఉండే చోటు, గీత దాటి ఉంది. ఆఫ్‌సైడ్. గోల్ లేదు. పెనాల్టీ షూటౌట్‌లో యునైటెడ్ గెలిచింది.

ఆ బొటనవేలు చేసిన పనులు చూడండి. యునైటెడ్ ఫైనల్‌కు వెళ్లింది. మాంచెస్టర్ సిటీని 2-1తో ఓడించింది. లీగ్‌లో ఎనిమిదో స్థానంలో ఉన్నా కప్పు చేతిలో ఉంది కాబట్టి, క్లబ్బువారు సుదీర్ఘ సమీక్ష జరిపి టెన్ హాగ్‌ను ఉంచారు. జూలైలో కాంట్రాక్టు పొడిగించారు. అక్టోబరు 28న తీసేశారు. ఆయనకూ ఆయన బృందానికీ ఇచ్చి పంపింది కోటి పౌండ్లకు పైనే. పొడిగించిన కాంట్రాక్టు ఉందిగదా మరి. ఆ తర్వాత పది రోజులకు, నవంబరు 7న, కొవెంట్రీ తమ మేనేజర్‌ను తీసేసింది. రాబిన్స్‌నే. ఏడేళ్లు పైకి లాగిన మనిషిని, పట్టికలో పదిహేడో స్థానంలో ఉన్నాడని.

ఫెర్గుసన్‌ను నిలబెట్టింది ఓపికా? ఒక కుర్రాడి తలకాయ. టెన్ హాగ్‌ను నిలబెట్టింది సమీక్షా? ఒక బొటనవేలు. తలకూ బొటనవేలికీ మధ్య మిగిలిన శరీరాన్ని మనం "క్లబ్ సిద్ధాంతం", "దీర్ఘకాలిక ప్రణాళిక" అని పిలుచుకుంటున్నాం.

తీసేస్తే ఫలితం ఉంటుంది కదా అంటారా? ఉంటుంది, కొత్తొక వింత పాతొక రోత. కొత్త మేనేజర్ రాగానే జట్టు రెండు మ్యాచ్‌లు గెలుస్తుంది, సంబరాలు మొదలవుతాయి. నెదర్లాండ్స్ ఆర్థికవేత్తలు తమ లీగ్ లెక్కలు తీసి చూశారు. ఒకే రకంగా దిగజారిన క్లబ్బుల్లో మేనేజర్‌ను తీసేసినవీ కోలుకున్నాయి, తీసేయనివీ కోలుకున్నాయి. జలుబుకు మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందంటారే, అదన్నమాట. ఓలె గన్నర్ సోల్షార్ 2018 డిసెంబరులో యునైటెడ్‌కు తాత్కాలికంగా వచ్చి 19 మ్యాచ్‌ల్లో 14 గెలిచాడు. మార్చిలో ఉద్యోగం పర్మినెంట్ చేశారు. ఆ సీజన్‌లో మిగిలిన పదింటిలో గెలిచినవి రెండు. పర్మినెంట్ కాగానే పని తగ్గించడం ఎవరి ఆరోగ్యానికైనా మంచిదే.

ఎదురు వాదన కూడా చెప్పాలిగా. వాట్‌ఫర్డ్ క్లబ్బు 2019-20 సీజన్‌లో ముగ్గురు మేనేజర్లను తీసేసింది. అంటే అందులోని తర్కం శాస్త్రీయంగా సరైనదే: ఒకణ్ని తీస్తే కొంత మేలైతే ముగ్గురిని తీస్తే మూడింతలు మేలు. కింది లీగ్‌కు జారిపోయింది. నాలుగోవాణ్ని కూడా తీసి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు చెప్పలేం.

ఇంత చదువు చదివి నేను చేసే ప్రతిపాదన ఇది. ఈ కొలువును రెండుగా విడగొట్టాలి. జట్టును ఆడించడానికి ఒకరు, తీసేయించుకోవడానికి ఇంకొకరు. మొదటివాడు లోపల గదిలో కూర్చుని బోర్డు మీద బాణం గుర్తులు గీసుకుంటాడు, అతని పేరు కూడా ఎవరికీ తెలియనవసరం లేదు. రెండోవాడు దిష్టిబొమ్మ. మంచి కోటు వేసుకుని టచ్‌లైన్ పక్కన నిలబడతాడు. గోల్ పడితే నీళ్ల సీసాను తన్నుతాడు. నాలుగో రిఫరీ చెవిలో ఏదో చెబుతాడు. మ్యాచ్ అయ్యాక విలేకరుల ముందు కూర్చుని, "కుర్రాళ్లు ప్రాణం పెట్టి ఆడారు, ఫలితమే రాలేదు" అంటాడు. మూడు మ్యాచ్‌లు ఓడగానే అతన్ని ఘనంగా తీసేస్తాం. యజమానికి తాను ఏదో చేశానన్న తృప్తి, ఆటగాళ్లకు కొత్త ఊపిరి, మనకు శాంతి. లోపల బాణాలు గీసేవాడు తల కూడా ఎత్తడు. జనవరిలో అదే మనిషికి వేరే రంగు కోటు వేసి మళ్లీ తేవచ్చు. ఎవరైనా గుర్తుపట్టినా, "తిరిగి సొంతగూటికి" అని శీర్షిక పెట్టుకుంటారు.

విమానాల వాళ్లకు కూడా మేలే. ఒకే బ్యానర్‌ను ఏళ్ల తరబడి వాడుకోవచ్చు, పేరు మార్చే పని లేదు.

ఈ దిష్టిబొమ్మ ఉద్యోగానికి ఇందుమూలంగా నా దరఖాస్తు సమర్పిస్తున్నాను. నాకు ఫుట్‌బాల్ ఆడించడం రాదు, అది ఈ కొలువుకు అవసరమూ లేదు. కోటు నా దగ్గరే ఉంది. చేతులు కట్టుకుని మైదానం వైపు బాధగా చూడటం ఇరవయ్యేళ్లుగా సాధన చేస్తున్నాను. నీళ్ల సీసాను ఎడమ కాలితో కూడా తన్నగలను. ఏడాదికి ఎన్నిసార్లు తీసేసినా అభ్యంతరం లేదు, పరిహారం మాత్రం ఏ నెలకా నెల ఇప్పించాలి. ఓడిన రాత్రే తీసేస్తారా, మర్నాడు పొద్దున తీసేస్తారా అన్నది బోర్డువారి ఇష్టం. ఫోన్లో చెప్పినా చాలు, మెసేజ్ పెట్టినా చాలు.

ఒక్కటే మనవి. నా మీద పూర్తి విశ్వాసం ఉందని మాత్రం ఎక్కడా ప్రకటించకండి. ఇంట్లోవాళ్లు భయపడతారు.