తక్కువ కొటేషన్‌కే తలంబ్రాలు

విశాఖపట్నంలో షాపింగ్ కాంప్లెక్సులున్న పెద్దమనుషుల విజ్ఞతను లోకం ఇంతవరకూ సరిగా గుర్తించలేదు. కూతురికి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి తాతగారికి ఊళ్లో అప్పులేమైనా ఉండేవా అని ఆరా తీసే ఈ మనుషులే, కోట్ల విలువైన బిల్డింగును రిపేరుకు అప్పగించేటప్పుడు మాత్రం ఒక్కటే అడుగుతారు: "మొత్తం ఎంతవుతుంది?" ఎవరు తక్కువ చెబితే వారి నెత్తినే తలంబ్రాలు. ఇంకేమైనా అడిగితే కాంట్రాక్టరు నొచ్చుకుంటాడేమోనని మొహమాటం.

ద్వారకానగర్‌లో ఒక కాంప్లెక్సు ఉందనుకోండి. కట్టి ముప్ఫై ఏళ్లయింది. కింద చీరల షాపు, పైన కోచింగ్ సెంటరు, ఆ పైన పళ్ల డాక్టరు. స్లాబ్ అడుగున పెచ్చులూడి ఇనుము బయటపడి ఏళ్లవుతోంది. అప్పటిదాకా అది సమస్య కాదు. ఒకరోజు అరచేయంత పెచ్చు వచ్చి, కస్టమరు ముందు పరిచిన పట్టుచీర మీద పడింది. అప్పుడైంది అర్జంటు. ఓనరు చేయించాలని షాపాయన, వాడుకున్నది మీరే కదాని ఓనరు. అగ్రిమెంటులో రాసుకోకపోతే ఎవరి బాధ్యత ఎంతో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతూనే ఉంది గానీ, దాన్ని చదవడం కంటే మెట్ల మీద నిలబడి అరుచుకోవడం తేలిక.

చివరికి రెండు కొటేషన్లు వచ్చాయి. మొదటిది ఆరు పేజీలు. ఆ ఇంజినీరు చిన్న సుత్తి పట్టుకుని ప్రతి దూలం మీదా కొట్టి, ఎక్కడ డొల్ల శబ్దం వస్తోందో సుద్దముక్కతో గీతలు గీసుకుంటూ పోయాడు. చీరల షాపులో అమ్మాయిలు పని ఆపి మరీ చూశారు. ఆయన రాసిందేమిటంటే: కింద స్లాబును మోసే జాకీలు పెట్టాలి, వదులైన కాంక్రీటును చువ్వ వెనక దాకా చెక్కాలి, తుప్పు పూర్తిగా వదిలించాలి, సన్నబడిపోయిన చువ్వల పక్కన కొత్తవి కట్టాలి, తుప్పు పట్టకుండా కోటింగు వేయాలి, ఆ తర్వాతే రిపేరుకు వాడే పాలిమర్ మోర్టారో మైక్రో కాంక్రీటో నింపాలి, పైన డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేసి 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడాలి. ఏ పని ఎన్ని చదరపు మీటర్లు, ఏ రేటు, అన్నీ ఉన్నాయి. మొత్తం 18 లక్షలు.

రెండోది అర పేజీ. పైన వెంకటేశ్వరస్వామి బొమ్మ. కింద ఒకే లైను: "స్లాబ్ రిపేరు, లీకేజీ, పెయింటింగ్ మొత్తం 11 లక్షలు. మెటీరియల్ మంచిది వాడబడును."

ఓనరుగారు రెండూ పక్కపక్కన పెట్టుకుని తీర్పు చెప్పారు: "ఇన్ని రాశాడంటే ఎక్కడో మతలబు ఉంది. ఈయన చూడండి, నిజాయితీగా ఒక్క ముక్కలో తేల్చేశాడు."

ఈ తీర్పు వచ్చింది మామూలు ఊళ్లో కాదని మనవి. 1948లో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' ఓడ నీళ్లలోకి దిగింది ఇక్కడే. ఓడలకు పట్టిన తుప్పు గీకి రంగు వేయడం ఇక్కడ తరాలుగా సాగుతున్న పని. చువ్వలు తయారుచేసే స్టీల్‌ప్లాంటూ మనదే. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి ఇంకి చువ్వను పట్టుకుంటుందని, తుప్పుగా మారిన ఇనుము రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బి పైనున్న కాంక్రీటును లోపల్నుంచి పగలగొడుతుందని ఇక్కడ సగం కుటుంబాల్లో ఎవరో ఒకరు చెప్పగలరు. అందుకే కాంక్రీటు కట్టడాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ కూడా మామూలు చోట చువ్వ మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు చాలంటుంది, సముద్రతీరంలో 45 మిల్లీమీటర్లు ఉండాలంటుంది. ఇంత తెలిసిన ఊరు కనకే, ఆ తుప్పు మీద నేరుగా సిమెంటు మెత్తి పుట్టీ పెట్టే ధైర్యం కూడా మనకే ఉంది.

ధైర్యం చాలని చోట ఫాల్స్ సీలింగ్ ఉంది. మన కాంట్రాక్టరు ప్రతిభ అంతా అక్కడే కనిపిస్తుంది. "ఈ పెచ్చుల్ని ఎన్నని కెలుకుతాం సార్? కింద జిప్సమ్ బోర్డు కొట్టేసి, వార్మ్ లైట్లు పెట్టేద్దాం. స్లాబు ఊసే ఉండదు" అన్నాడు. నిజంగానే ఉండలేదు. పెచ్చులు ఇప్పుడు చీరల మీద పడవు, బోర్డు మీద పడతాయి. బేరం మధ్యలో నెత్తిన 'టప్' మని వినిపిస్తే సేల్స్‌మేన్ తడుముకోకుండా "ఎలకలండీ" అంటాడు. పాపం, విశాఖ ఎలకలు మోస్తున్న నింద అంతా ఇంతా కాదు. బయటివైపు ఏసీపీ షీట్లు, అంటే గోడకు తొడిగే అల్యూమినియం పలకలు, వచ్చాయి. పగుళ్లు, చెమ్మ, పైపుల లీకేజీ అన్నీ మెరిసే షీటు వెనక్కి వెళ్లాయి. దీన్నే ఎలివేషన్ అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఎన్ని అద్దాలు, ఎన్ని షీట్లు రోడ్డున పడ్డాయో కళ్లారా చూసినవాళ్లే, వెనకనున్న ఫ్రేము గోడకు దేంతో బిగిస్తున్నావని అడక్కుండా, షీటు రంగు మీద మూడు మీటింగులు పెట్టుకున్నారు.

నీళ్ల సంగతి మరీ ముచ్చట. కాంప్లెక్సు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మెట్ల కింద టీ కొట్టాయన వాటిని ముట్టడు, డబ్బుపెట్టి టిన్నులు తెప్పించుకుంటాడు. చువ్వలున్న కాంక్రీటు కలిపే నీళ్లలో ఉప్పుతో వచ్చే క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కోడ్‌లో ఉంది. కొలిచేదెవరు? టీకి పనికిరాని నీళ్లు స్లాబుకు పనికొచ్చాయి. తడపడం మాత్రం బాగానే తడిపారు, ఒకటిన్నర రోజు. ఏడు రోజులు తడపాలి కదా అంటే "సెంటరు నడుస్తోందండీ, పిల్లలు జారిపడతారు" అన్నాడు. కాంట్రాక్టరుకు పిల్లల మీదున్న ప్రేమకు ఎవరి కళ్లయినా చెమర్చాల్సిందే.

వాస్తు దగ్గర మాత్రం రాజీ లేదు. దూలం బలం చూడ్డానికి ఒక్క ఇంజినీరుకు ఫీజు ఇవ్వడానికి మనసొప్పలేదు గానీ, ఈశాన్యంలో ఉన్న టాయిలెట్ గురించి ముగ్గురు సిద్ధాంతులను పిలిచారు. మూడో ఆయన సలహా మీద షట్టరు రెండడుగులు జరిగింది. దానికి అడ్డం వస్తోందని పిల్లరు అంచు కొంచెం చెక్కారు. 'కొంచెమే' అని కాంట్రాక్టరు చాలాసార్లు చెప్పాడు.

ఇక డబ్బు. సగం ముందే అడ్వాన్సు. చేసిన పని కొలిచి, దాన్నిబట్టి బిల్లు కట్టి, ఐదో పదో శాతం ఆపి, ఏడాదిపాటు లోపాలేమీ బయటపడకపోతే ఇవ్వడమనే పద్ధతి ఒకటుందని మొదటి ఇంజినీరు ఆరో పేజీలో రాశాడు. ఆరో పేజీ దాకా ఎవరు వెళ్లారు గనక? "బిల్లు కావాలా సార్? వద్దంటే పద్దెనిమిది శాతం మిగులుతుంది" అనే అమృతవాక్కు వినగానే ఓనరుగారికి ప్రభుత్వాన్నే ఓడించినంత సంతోషం కలిగింది. బిల్లు లేదు గనక, ఆ పని అసలు జరిగినట్టు కాంట్రాక్టరు సంతకంతో లోకంలో ఏ కాగితమూ లేదు. పదేళ్ల గ్యారంటీ మాత్రం ఉంది, నోటితో ఇచ్చింది.

ఇంత చెప్పాక కాంట్రాక్టరును తిట్టబోతున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆయన అన్యాయమేమీ చేయలేదు. 11 లక్షలకు ఎంత పని వస్తుందో అంతే చేశాడు. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన మేస్త్రీలకు కూలి తగ్గించలేడు, సిమెంటు బస్తా ధర తగ్గించలేడు. తగ్గించగలిగినవల్లా కంటికి కనపడనివే: చెక్కాల్సిన లోతు, వేయాల్సిన కోటింగు, తడపాల్సిన రోజులు. ఏమేం తగ్గిస్తావని ముందే అడిగి ఉంటే ఆయన చెప్పేవాడేమో కూడా.

ముహూర్తం విషయం ఒక్క ముక్క. డాబా పొడిగా ఉండే జనవరి నుంచి మే దాకా లీకేజీ ఎవరికీ గుర్తురాదు. సంక్రాంతికి మేస్త్రీలు ఊళ్లకు వెళ్తారు, ఎండాకాలం పెళ్లిళ్ల సీజను, షాపు మూయలేం. జూలైలో గోడలు చెమర్చాక ఫోన్లు మొదలవుతాయి. అప్పుడేమో ఆషాఢం. పని మొదలయ్యేసరికి అక్టోబరు తుపాను తయారు.

చెక్కిన రాళ్లూ రప్పా ఏమయ్యాయంటారా? నిర్మాణ వ్యర్థాల బాధ్యత వాటిని పుట్టించినవారిదేనని 2016లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. ఆ బాధ్యతను రాత్రి పదకొండు తర్వాత ఒక ట్రాక్టరు తీసుకెళ్లి వాననీళ్లు పోయే గెడ్డలో పోసి వచ్చింది. తర్వాతి వానకు గెడ్డ పొంగి ఆ నీళ్లు తిరిగి అదే కాంప్లెక్సు సెల్లార్‌లోకి వచ్చాయి. మోటార్లు మునిగాయి, లిఫ్టు ఆగింది, పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చిన పెద్దావిడ దవడ పట్టుకుని రెండంతస్తులు ఎక్కింది.

ఇప్పుడు సెల్లార్ వాటర్‌ప్రూఫింగ్‌కు మళ్లీ కొటేషన్లు పిలిచారు. ఈసారి కాంప్లెక్సు అసోసియేషన్ పట్టుదలగా ఉంది, పని పక్కాగా జరగాలంది. అందుకని మొదటి ఇంజినీరునే బతిమాలి రప్పించారు. ఆయన మళ్లీ సుత్తి, సుద్దముక్క పట్టుకుని సెల్లార్ అంతా తిరిగి, ఈసారి ఎనిమిది పేజీలు రాసిచ్చాడు. సెక్రటరీగారు వాటిని శ్రద్ధగా జిరాక్స్ తీయించి, మన 11 లక్షల కాంట్రాక్టరు చేతిలో పెట్టి అడిగారు: "ఇదిగో బాబూ, ఇదే పని నువ్వు ఎంత తక్కువలో చేస్తావు?"