మూడుంబావు తులాల పెన్ను

నా కుడిచేతి మధ్యవేలికి గోరు పక్కన ఒక కాయ కాసి ఉంది. ఇరవై రెండేళ్లుగా రైస్‌మిల్లులో చిఠ్ఠా, ఆవర్జా అనే పద్దుల పుస్తకాలు రాస్తున్నవాడికి అదే సర్వీసు సర్టిఫికెట్టు. మా ఓనరుగారికి కంప్యూటరంటే నమ్మకం ఉంది గాని, కరెంటంటే లేదు. అందుకని కంప్యూటర్లో ఎక్కిన ప్రతి పద్దూ పుస్తకంలోకి కూడా ఎక్కాలి. రబీ ధాన్యం దిగే రోజుల్లో పొద్దున్న తొమ్మిదికి పట్టుకున్న బాల్‌పెన్ను రాత్రి ఎనిమిదికి వదులుతాను. వేలు మాత్రం వదలదు. అన్నం కలుపుతున్నా ఇంకా పెన్ను పట్టుకున్నట్టే వంకరగా ఉంటుంది.

ఈ ఏప్రిల్లో నొప్పి వేలి నుంచి మణికట్టుకి ఎక్కింది. డాక్టరుగారు చూసి, "రాయడం తగ్గించండి" అన్నారు. జీతం సంగతి ఆయన మాట్లాడలేదు.

ఓనరుగారి మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకి వచ్చి మిల్లులో కూర్చుని నా బాధంతా విన్నాడు. "మావయ్యా, తప్పు నీ వేలిది కాదు, బాల్‌పెన్నుది" అని తేల్చేశాడు. బాల్‌పెన్నులో ఇంకు చిక్కగా పేస్టులా ఉంటుందట. కొసనున్న గుండు దొర్లితేగాని అది కాగితం మీదికి రాదు, నొక్కితేగాని గుండు దొర్లదు. ఇంకుపెన్నుకి ఆ గొడవ లేదు. పాళీ మధ్యలో సన్నటి చీలిక ఉంటుంది, దీపం వత్తి నూనెని పీల్చినట్టు ఆ చీలికే ఇంకుని లాక్కుంటుంది. కాగితానికి తగిలిస్తే చాలు.

"అందులోనూ బరువైన పెన్ను తీసుకో. నువ్వు నొక్కక్కర్లేదు, దాని బరువే చూసుకుంటుంది."

ఈ మాట నాకు తెగ నచ్చింది. ఇన్నేళ్లలో నా పని ఇంకొకరు చూసుకుంటానన్నది ఇదే మొదటిసారి. కుర్రాడు ఫోను తీసి లెక్కలు కూడా చెప్పాడు. మనం వాడే మామూలు బాల్‌పెన్ను ఆరేడు గ్రాములు. లామీ సఫారీ పదిహేడు. పైలట్ మెట్రోపాలిటన్ ఇత్తడి ఒళ్లు కాబట్టి ఇరవై ఆరు దాకా తూగుతుంది. జిన్‌హావో 159 అని ఒక చైనా భీముడున్నాడు, అది దాదాపు యాభై. లామీ, పైలట్‌ల ధరలు విని వాటికి దూరం నుంచే నమస్కారం పెట్టాను. యాభై గ్రాములంటే రాయడానికి ముందు కసరత్తు చెయ్యాలేమో అనిపించింది. చివరికి ముప్పై గ్రాములు దాటాలి, అయిదు వందలు దాటకూడదు అని తీర్మానించుకున్నాను.

ఇంకుపెన్ను మా ఇంటికి కొత్త కాదు. మా నాన్నకి రాజమండ్రి రత్నం పెన్ను ఉండేది. గాంధీగారి స్వదేశీ మాట పట్టుకుని తయారైన కలం అది. రబ్బరుని గంధకంతో ఉడికించి కొమ్ములా గట్టిపడేలా చేసిన ఎబొనైటు ఒళ్లు, నల్లగా, పట్టుకుంటే వెచ్చగా ఉండేది. ఆదివారం పొద్దున్న మెడ విప్పి, డ్రాపరుతో ఒక్కో చుక్కా లెక్కపెట్టినట్టు ఇంకు పోసేవాడు. కాగితం మీద ఎక్కువ పడితే సుద్దముక్క అద్దేవాడు. ఇంకొకరి చేతికి మాత్రం ఇచ్చేవాడు కాదు. పాళీ తన చేతి వాటానికి అరిగింది, వేరేవాళ్లు రాస్తే చెడిపోతుందని భయం. మా పెదనాన్న సంతకం పెట్టాలన్నా పెన్సిలు ఇచ్చేవాడు. ఆ పెన్ను ఇప్పుడు మా అప్ప దగ్గర ఉంది, అడిగే ధైర్యం నాకు లేదు. పైగా ఎబొనైటు తేలిక. నాకు కావలసింది బరువు.

మే నెలలో ఒక ఆదివారం స్నానం చేసి, మావగారు సంక్రాంతికి పెట్టిన పొందూరు ఖద్దరు చొక్కా వేసుకుని బయల్దేరాను. పెన్ను కొనడానికి అంత చొక్కా ఎందుకని మా ఆవిడ అడగలేదు. ఎక్కడికి వెళ్తున్నానో నేనూ చెప్పలేదు. ఆ రోజు జరిగిందానికి మొదలంతా ఇక్కడే ఉంది.

గంటస్తంభం దగ్గర సందులో పుస్తకాల కొట్టుంది. కొట్టాయన పెద్దమనిషి.

"ఇంకుపెన్ను కావాలండి. బరువుగా ఉండాలి."

ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "బరువా? ఎంత బరువు బాబూ?"

"ముప్పై గ్రాములు దాటాలి."

"ముప్పై అయిదేళ్లనుంచి ఈ కొట్టు మీదున్నాను. రంగు అడిగినోళ్లున్నారు, రేటు అడిగినోళ్లున్నారు. పెన్నుకి తూకం అడిగినోళ్లు మీరే."

అంటూనే అయిదు పెన్నులు బల్ల మీద పరిచాడు. మొదటిది ఫ్యాను గాలికే దొర్లిపోయింది. రెండోదీ మూడోదీ చూడ్డానికి ఇనుము, పట్టుకుంటే రేకు. నాలుగోది నచ్చింది గాని ధర నచ్చలేదు. అయిదోది చేతిలో పెట్టగానే చెయ్యి కాస్త కిందికి దిగింది. ఇత్తడి ఒళ్లు, మీద నల్లరంగు, నడుముకి బంగారు రంగు పట్టీ. ఇత్తడి ప్లాస్టిక్కు కంటే ఎనిమిది రెట్లు బరువని ఎప్పుడో చదివింది అరచేతికి అప్పుడు అర్థమైంది.

కొట్టాయన లోపలి గొట్టంలోకి సగం ఇంకు లాగి ఇచ్చాడు. ముందు శ్రీ రాసి, తర్వాత నా చేతికి బాగా అలవాటైన మాట రాశాను. చిఠ్ఠా. పాళీ లావు. 'ఠ' పొట్టలో ఉండాల్సిన చుక్క ఇంకులో మునిగిపోయింది. చుక్క పోతే ఠ కాస్తా ర. చిఠ్ఠా చిర్రాలా కనపడితే ఆడిటరుగారికి చిర్రెత్తుతుంది. సన్నపాళీది ఉందా అన్నాను. మనకిలాంటి పేచీ ఉంటుందని ఆ పెన్ను చేసిన చైనావాడికి తెలియదు గాని, అదృష్టం కొద్దీ సన్నపాళీది ఒకటి దొరికింది. దానికీ సగం ఇంకు పట్టి రాస్తే చుక్క చుక్కలాగే నిలబడింది. ద, ధ విడివిడిగా కనపడ్డాయి. వేలు అసలు నొక్కలేదు. పెన్ను దానంతటదే ఎడ్లబండిలా నింపాదిగా నడిచింది.

అయిదువందల యాభై అన్నాడు, నాలుగువందల ఎనభైకి దిగాడు. కాని బరువు ముప్పై దాటిందని నమ్మకం ఏమిటి? ఆయన దగ్గర కాటా లేదు. మా మిల్లులో కాటా ఉంది గాని అది క్వింటాళ్లలో తప్ప మాట్లాడదు. పక్క సందులో నాతో చదువుకున్నవాడి బంగారం కొట్టుంది. కొట్టాయన నా మొహంలోకి ఒకసారి చూసి, "ఎల్లి తూయించుకుని రండి, నేనెక్కడికీ ఎల్లను" అన్నాడు. పెన్నుని దాని పెట్టెలో పెట్టి ఇచ్చాడు. పొడుగాటి పెట్టె, మీద ఎర్ర వెల్వెట్టు, లోపల తెల్లటి శాటిను.

నా స్నేహితుడు ఏమీ అడగలేదు. రోజూ గ్రాములతో బతికేవాడికి ఇలాంటివి వింత కాదు. అద్దాల పెట్టె తలుపు తెరిచి, పెన్నుని పళ్లెంలో పడుకోబెట్టి మూశాడు. అంకెలు కాసేపు ఊగిసలాడి ఆగాయి. 38.420.

"పాత తులం 11.66 లెక్కన మూడుంబావు తులాల పైమాటే!" అన్నాడు, కొట్టు బయటికి వినపడేలా.

నాకు పట్టలేని సంతోషం. "టోపీ తీసి ఒకసారి తూచు" అన్నాను. 25.110. అంటే టోపీయే పదమూడు గ్రాములు. రాసేటప్పుడు దాన్ని వెనక తగిలిస్తే పెన్ను వెల్లకిలా పడుతుంది, తీసి పక్కన పెట్టుకోవాలి. ఈ విషయం నోటుబుక్కులో రాసుకుంటుంటే వెనక బెంచీ మీద గాజుల గలగల వినపడింది. తిరిగి చూడలేదు. చూసి ఉంటే మా ఎదురింటి ఒదినగారు కనపడేవారు.

ఆవిడకి కనపడింది ఇది. తెల్ల ఖద్దరు చొక్కాలో నేను. బంగారం కాటా. ఎర్ర వెల్వెట్టు పెట్టె. మూడుంబావు తులాలు.

కొట్టాయనకి డబ్బులిచ్చి, పెట్టె స్కూటరు డిక్కీలో పెట్టి, రైతుబజారులో కూరలు తీసుకుని, ఎండలో దాసన్నపేట చేరేసరికి గంట పట్టింది. ఫోనుకి అంతసేపు పట్టదు.

గుమ్మంలో మా ఆవిడ మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉంది. లోపల్నుంచి రొయ్యల కూర వాసన. ఆదివారమైనా మా ఇంట్లో రొయ్యలు ఊరికే రావు. ఎందుకో తెలియకపోయినా మజ్జిగ తాగేశాను.

"తెచ్చారా?" అంది.

ఆశ్చర్యపోయాను. "నీకెలా తెలుసు?"

"ఎలాగో తెలిసింది లెండి." ఒక నవ్వు. పెళ్లిరోజు ఇంకో నాలుగు రోజుల్లో ఉందన్న సంగతి నాకు ఆ క్షణంలో గుర్తు లేదు. రాసేవాడి కష్టం తెలిసిన ఇల్లాలు ఎంతమందికి దొరుకుతుంది అనుకుంటూ గర్వంగా పెట్టె తీశాను.

"ఎంత బరువో తెలుసా?"

"మూడుంబావు తులాలు" అంది మెల్లగా, పక్కింటికి వినపడకూడదన్నట్టు. "ఒకేసారి అంత ఎందుకండీ? రెండు తులాలు చాలును కదా."

"తేలికవి చేతిలో నిలవవు" అన్నాను.

ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుని పెట్టె తెరిచింది. శాటిను మీద నల్లగా, నిగనిగలాడుతూ పెన్ను పడుకుని ఉంది. ఇద్దరం చూస్తున్నాం. నేను మెచ్చుకోలు కోసం. ఆవిడ గొలుసు కోసం.

"ఇదేటండీ?" మా ఆవిడది పొందూరు దగ్గరి ఊరు. నిజమైన కోపం వచ్చినప్పుడు మాట అక్కడికి వెళ్లిపోతుంది.

"పెన్ను."

పెట్టె తిరగేసింది. శాటిను గుడ్డ కింద వెతికింది. ఏమీ లేదు. ఆఖరి ఆశతో పెన్ను ఎత్తి బరువు చూసి, "ఇందులో దాచారా?" అంటూ టోపీ పట్టుకుని లాగింది. నేను "అయ్యో, మెల్లిగా" అని ముందుకి వంగాను.

ఇంకుపెన్ను గొట్టం సగమే నిండి ఉంటే మిగతా సగం గాలి. గాలి వేడెక్కితే ఉబ్బి ఇంకుని ముందుకి తోస్తుంది. పాళీ కింద చేప మొప్పల్లా సన్నటి గాడులుంటాయి, కాస్త ఎక్కువైన ఇంకుని అవి పట్టి ఉంచుతాయి. కాస్త అయితే. గంటసేపు డిక్కీలో ఉడికి, గతుకుల్లో ఎగిరి, టోపీలోకి చేరిందంతా మొప్పలకి మించిన వరద. పెన్ను తప్పేం లేదు. సగం ఇంకుతో పడుకోబెట్టి ఎండలో ఊరేగించింది నేనే.

ఆ వరద సరిగ్గా నా రొమ్ము మీదికి వచ్చింది.

పొందూరు ఖద్దరంటే వాలుగ చేప దవడ ఎముకతో దూదిని చిక్కు తీసి, సన్నటి నూలు వడికి నేసే గుడ్డ. చేప మొప్పల కింద్నుంచి తప్పించుకున్న ఇంకుని చేప దవడ దువ్విన గుడ్డ ఎంత ఆప్యాయంగా పీల్చిందో చెప్పలేను. జేబు నుంచి బొత్తాల దాకా నీలం.

మా ఆవిడ పెన్ను వంక చూసింది, చొక్కా వంక చూసింది. "మా నాన్న పెట్టిన చొక్కా" అంది. గొలుసు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. రొయ్యల కూర వడ్డించింది గాని, పక్కన కూర్చోలేదు.

సాయంత్రం చొక్కాని నేనే తీసుకుని దొడ్లో కూర్చున్నాను. మొదట నిమ్మకాయా ఉప్పూ, తర్వాత పాలు, ఆఖరికి సబ్బు. వేసవిలో పాలు చొక్కాకి పోస్తున్నానని ఇంకో మాట పడ్డాను. మొదట మరక ఉమ్మడి విజయనగరం జిల్లా అంత ఉండేది. రెండు ఉతుకులకి 2022లో విడదీసిన కొత్త జిల్లాలా తయారైంది. పార్వతీపురం వైపు పోయింది గాని, రాజాం వైపు కొత్తగా వచ్చి చేరింది.

సోమవారం మిల్లులో ఆవర్జా తెరిచాను. చొక్కా సంగతి పక్కన పెడితే, పెన్ను మాత్రం పెన్నే. పదకొండు గంటల దాకా పదహారు పేజీలు నడిచింది. వేలు కిక్కురుమనలేదు. ఓనరుగారు వచ్చి, "పెళ్లి శుభలేఖలా ఉందయ్యా" అని వెళ్లారు.

పన్నెండింటికి లోడు లారీ బయల్దేరుతోంది. బిల్లుబుక్కు తెరిచి, మధ్యలో రెండు కార్బన్లు పెట్టి, అందంగా రాసి, సంతకం చేసి, పై కాగితం మా ఫైల్లో ఉంచుకుని, కిందది డ్రైవరుకి ఇచ్చాను. వాడు గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

"తెల్లకాయితం ఇచ్చినారేటి బాబూ?"

నొక్కనక్కర్లేని పెన్ను కార్బన్ని కూడా నొక్కదు. మేనల్లుడి లెక్కల్లో ఈ పద్దు లేదు. పాత బాల్‌పెన్ను డ్రాయరులోంచి తీశాను. అది ఏమీ అనలేదు గాని, అన్నట్టే అనిపించింది. అప్పటినుంచి ఆవర్జాకి ఇత్తడి, బిల్లులకి ప్లాస్టిక్కు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ ఇంటి ఖర్చుల పుస్తకం పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. చెయ్యి చాచింది.

"పెన్ను."

మా నాన్న గుర్తొచ్చాడు. పెన్సిలు ఇవ్వచ్చా అని ఒక్క క్షణం ఆలోచించి, పెన్నే ఇచ్చాను. టోపీ ఈసారి జాగ్రత్తగా, అవతలి వైపు తిప్పి తీసింది. కొత్త పేజీ తిప్పి, పైన నా పేరు రాసింది. కింద తారీకు. కుడిపక్క గడిలో 38.420 గ్రాములు అని, ఎడమపక్క 'బాకీ' అని రాసింది. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ఆవిడకే ముచ్చటేసినట్టుంది, ఆగకుండా కిందికి వెళ్లింది. ఖద్దరు చొక్కా ఒకటి, బాకీ. రొయ్యలు అరకిలో, బాకీ. పాలు లీటరు, బాకీ. నిరుటి పెళ్లిరోజు చీర, బాకీ. పేజీ అడుగుకి వచ్చేసరికి వేళ్లు ఒకసారి ముడిచి తెరిచి చూసుకుంది.

"నిజంగానే చెయ్యి నొప్పెట్టడం లేదండీ" అంటూ పేజీ తిప్పబోయింది.

నేను పుస్తకం మూసేద్దామని చెయ్యి పెట్టాను. చెయ్యి పక్కకి తోసేసింది. ఇంకా తడి ఆరలేదట, మూస్తే అలుక్కుపోతుందట.