సర్వరుదే పాపం

హన్మకొండలో ఒక సర్టిఫికెట్ల కౌంటరు అనుకుందాం. పరకాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పెద్దమనిషికి కిటికీలోంచి తీర్పు వినబడుతుంది: "సర్వర్ డౌనుంది కాకా, రేపు రా." కర్త సర్వరు, కర్మ కాకాది, క్రియ రేపు. ఇంత పకడ్బందీ సిద్ధాంతం మన దగ్గర ఉండగా హాల్పెర్న్, పెర్ల్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఏది దేనికి కారణమో తేల్చడానికి 2005లో రెండు భాగాల వ్యాసం ఎందుకు రాసినట్టు?

వాళ్ల పట్టింపు చూడండి. 10 గంటలకు, సర్వరు తను చేసిన పనులన్నీ రాసిపెట్టుకునే లాగ్ ఫైళ్లతో డిస్కు నిండి డేటాబేసు చేతులెత్తేసింది. వేళకు తనంతట తానే నడిచి పాత లాగులు చెరిపే ప్రోగ్రామును (క్రాన్ జాబు) ఎవరో ఆపి, మళ్లీ పెట్టడం మరిచారు. 10.05కు కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. 'ఇది లేకుంటే అది జరిగేదా' అనే పాత పరీక్ష పెడితే, కౌంటరు తెరిచే వేళకు అందరూ నిర్దోషులే. డిస్కు నిండకున్నా కరెంటు పోయి ఆగేదే, కరెంటు ఉన్నా డిస్కు నిండి ఆగేదే. ఒకరి పూచీకత్తు మీద ఒకరికి బెయిలు. ఈ ఇద్దరు పెద్దలు అడ్డుపడతారు: నిజంగా జరిగినదాన్ని కదపకండి, సర్వరు కరెంటు వల్ల పడలేదు, అప్పటికే పడి ఉంది; కరెంటు వల్ల పడలేదన్న ఆ నిజాన్ని అలాగే ఉంచి డిస్కును మాత్రం ఖాళీ చేసి చూడండి, అంటారు. సర్వరు నిలబడుతుంది. డిస్కు బెయిలు రద్దు.

అధికారులు బెంగపడనక్కర్లేదు. 2004లో చాక్లర్, హాల్పెర్న్ బాధ్యతకు సూత్రం ఇచ్చారు: 1/(కె+1). మీ ఒక్కరి చర్య మీదే ఫలితం ఆధారపడాలంటే మీది కాక ఇంకా కనీసం ఎన్ని విషయాలు మార్చాలో అదే కె. ఆ యూపీఎస్ కొనుగోలును 11 మంది కమిటీ 6-5తో ఆమోదిస్తే, సరేనన్న ప్రతివారి బాధ్యత 1, అంటే పూర్తిగా. 11-0 అయితే ముందు ఇంకో ఐదు ఓట్లు తిరగబడాలి, కాబట్టి 1/6. కాబట్టి వ్యతిరేకించేవాణ్ని బతిమాలైనా ఒప్పించాలి. మన ఫైళ్లలో సంతకాల వరుస అంత పొడుగు ఊరికే పెరగలేదు.

నింద వేరే పద్దు. అది మీకు ముందే ఏం తెలుసన్నదాన్ని బట్టి. అందుకని 'డిస్కు 95 శాతం నిండింది' అనే మెయిలు తెరవకూడదు. భూపాలపల్లికి బదిలీ అయినాయన ఐడీకి పోతుంటే మార్చనూ కూడదు. కాకపోతే చాక్లర్, హాల్పెర్నే ఒక మెలిక పెట్టారు: తెలిసినదాన్ని బట్టే కాదు, తెలుసుకుని ఉండాల్సినదాన్ని బట్టి కూడా నిందను కొలవవచ్చట. సర్క్యులర్‌లో ఆ పేరా చేర్చకపోతే సరి.