నాడి సరే, నిమిషానికి ఎన్ని?

ఐదున్నరేళ్ల బి.ఎ.ఎం.ఎస్. ఆయుర్వేద వైద్య చదువును, విజయవాడలో చేసిన ప్రాక్టీసును వెంటబెట్టుకుని టెక్సాస్‌కు కాపురానికి వచ్చాను. ఇక్కడ ఏ రాష్ట్రమూ ఆయుర్వేదానికి లైసెన్సు ఇవ్వదు గనుక డాక్టర్లతో కలిసి రోగులను చూసే ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకు దరఖాస్తు పెట్టాలనుకున్నాను. ఆ కోర్సుల ఉమ్మడి దరఖాస్తు కాస్పాలో రోగికి స్వయంగా చేసిన సేవకు ఒక గడి, ఆస్పత్రిలో చేసిన ఇతర పనులకు మరొక గడి ఉంటాయి. మొదటి గడిలో వెయ్యి, రెండు వేల గంటలు కోరే కళాశాలలు చాలా ఉన్నాయి. ఏ పని ఏ గడికి చెందుతుందో మాత్రం ఏ కళాశాలకు ఆ కళాశాలే తేలుస్తుంది. అలా తేల్చే ఒక సలహాదారు నిన్న వీడియోలో దొరికారు.

"రోగికి మీ చేతులతో ఏం చేసేవారు?" అని ఆమె అడిగారు. పంచకర్మలు ఎత్తుకుంటే మొదటిదే వమనం కాబట్టి, మర్యాదగా ఉంటుందని నాడీపరీక్షతో ప్రారంభించాను. నా మణికట్టునే కెమెరా ముందు చాచి, బొటనవేలి మొదటికి దిగువన మూడు వేళ్లు ఆనించి, చూపుడువేలికి వాతం, నడిమి వేలికి పిత్తం, ఉంగరపు వేలికి కఫం తెలుస్తాయనీ, వాతనాడి పాములా పాకుతుందనీ, పిత్తనాడి కప్పలా గెంతుతుందనీ, కఫనాడి హంసలా నడుస్తుందనీ, ఇది మధ్యయుగపు వైద్య గ్రంథకర్త శార్ఙ్గధరుడి నాటి నుంచీ ఉన్న పద్ధతేననీ వివరిస్తుండగా, ఆమె టైపు చేయడం కప్ప దగ్గర ఆగిపోయింది.

"కప్పలు క్లినిక్కులోనే ఉండేవా?"

"లేదండీ, వేళ్ల కింద ఉంటాయి" అన్నాను. ఆ జవాబుతో పరిస్థితి ఏమీ మెరుగుపడలేదు. పక్కగదిలో ఆఫీసు మీటింగులో ఉన్న మా వారు మైకు ఆపుకున్నట్లున్నారు గాని, నవ్వును గోడ ఆపలేకపోయింది.

ఆమె చాలా ఓర్పుగా, నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో కాగితం మీద రాసేవారా అని అడిగారు. రాసేవాళ్లమన్నాను. ఆమె ముఖం విప్పారింది. అది వైటల్స్, అంటే నాడి, రక్తపోటు లాంటి కొలతలు, తీయడమట, నిక్షేపంగా మొదటి గడిలోకి వస్తుందట. అంటే ఏ దోషం ప్రకోపించిందో పట్టుకుని, మందు నిర్ణయించి, పథ్యం చెప్పిన సమయమంతా ఎటూ కాకుండా పోయి, నడుమ 72 అని గీకిన అర నిమిషం మాత్రం వైద్యసేవగా మిగులుతుందన్న మాట! అసలు 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో యూజీన్ స్టెడ్ ఈ కోర్సును మొదలుపెట్టిందే, నౌకాదళంలో రోగులను చూసుకుని వచ్చినా బయట గుర్తింపు లేని కుర్రాళ్ల కోసం. ఆ సంగతి ఎత్తేలోపే ఆమె, ముందు నర్సింగ్ అసిస్టెంట్ సర్టిఫికెట్ తెచ్చుకోమని, ఆ గంటలైతే ఎవరూ కాదనరని సలహా ఇచ్చి సెలవు తీసుకున్నారు. దానికి ఫెడరల్ నిబంధన కోరే కనీస శిక్షణ 75 గంటలు.

ఈ ఉదయం ఫీజు కట్టాను. సోమవారం పాఠం నాడి లెక్కించడం. సెకన్ల ముల్లున్న గడియారం ఎవరిది వారే తెచ్చుకోవాలట.